రైట్ అన్నాకే బండి కదలాలి

కండక్టరుగా చేరే కుర్రవాళ్లకు టికెట్లు ఎట్లా చించాలో, చిల్లర ఎట్లా దాచుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను వాటి జోలికి పోను. నాకు రావలసిన ప్రమోషన్ల సంగతి కూడా ఎత్తను. ఎత్తితే అవి ఎవరికి పోయాయో, ఎందుకు పోయాయో చెప్పాలి. ఆ మనుషుల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారు, అదే వీధిలో ఎదురుపడుతూ ఉంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట గురించి. ఆ మాట రైట్. ఈ ఉద్యోగంలో నాకు జీతం కంటే ఎక్కువ విలువైనదిగా తోచింది అదొక్కటే. దాని కోసం నేను బ్యాగు వదిలేసి ఇంట్లో కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. ఎందుకు కూర్చున్నానో తెలియాలంటే బొగ్గు బస్సుల కాలానికి పోవాలి.

బడిలో రైట్, బస్సులో రైట్

చిత్తూరు బోర్డు స్కూల్లో మా ఇంగ్లీషు అయ్యవారు రైట్ అనే మాటకు మూడు అర్థాలు చెప్పాడు. సరి అయినది, కుడి పక్క, హక్కు. నేను నాలుగోది చెప్పాను, బస్సు పొమ్మనడం అని. మా నాయన వెంట తిరుపతికి పోయినప్పుడు నా చెవులతో విన్నాను కాబట్టి చెప్పాను. అయ్యవారు నన్ను బెంచీ ఎక్కించి, "మునిరత్నం దొరవారు బస్సు ఎక్కినారు, రైట్ అనండిరా," అన్నాడు. క్లాసంతా అన్నది. నేను పెద్దవాడినై చిత్తూరు-తిరుపతి బస్సులో కండక్టరుగా ఉండగా ఆయన ఒకసారి మా బండి ఎక్కాడు. గుర్తుపట్టలేదు. నేను పట్టాను. ఆయన సీట్లో కుదురుకునే దాకా ఆగి, ఆయన చెవి పక్కనే రైట్ అన్నాను.

బస్సులో ఆ మాటకు అర్థం ఇది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు, తలుపు పడింది, చక్రాల దగ్గర ఎవరూ లేరు, ఇదంతా నా కళ్లతో చూశాను, ఇక ఏం జరిగినా నాది పూచీ. ఇన్ని సంగతులు ఒక్కసారిగా చెప్పే మాట తెలుగులో నాకు దొరకలేదు. "పోనీ" అనే మాట ఉంది కానీ అది ఎవరైనా ఎవరితోనైనా అంటారు, ఎద్దులతో కూడా అంటారు. రైట్ అట్లా కాదు. బండిలో అది ఒక్కడే అనాలి.

ఒకసారి కచేరీలో పనిచేసే గుమాస్తా ఒకాయన ముందు సీట్లో కూర్చుని నన్ను సరిదిద్దాడు. రైట్ అంటే కరెక్టు అని, బండిని కదలమనడానికి ఇంగ్లీషులో గో అనాలని చెప్పాడు. చదువుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "గో అంటే ఈ బండి పోదు సార్. కావాలంటే అని సూడండి," అన్నాను. ఆయన పంతానికి గట్టిగా గో అన్నాడు. మా డ్రైవరు దేవదానం స్టీరింగు మీద చేతులు తీయకుండా తల మాత్రం తిప్పి, "ఏం సార్, దిగతారా?" అని అడిగాడు. అప్పుడు బస్సంతా నవ్వింది. ఆ రోజు దేవదానం మీద నాకు కలిగిన అభిమానాన్ని ఆయన ఎక్కువ కాలం నిలవనివ్వలేదు. అది తర్వాత చెబుతాను.

ఆ మాట బస్సులో మొదలై ఊళ్లలోకి దిగింది. కాఫీ హోటల్లో ఇడ్లీ చెప్పినా సర్వరు రైట్ అనేవాడు. మా ఇంటామె కుండ దించుతూ, "రైటా, వడ్డించేదా?" అనేది. మా నాయన, బస్సంటే నమ్మకం లేని మనిషి, కాడి కట్టి రైట్ అనడం నేనే విన్నాను. అలిపిరి దగ్గర డోలీ మోసేవాళ్లు ముసలివాళ్లను ఎత్తే ముందు, వెనకవాడు రైట్ అంటేనే ముందువాడు లేచేవాడు. అప్పటికి కొండకు బస్సు దారి లేదు, నడవలేనివాళ్లకు డోలీయే గతి. వాళ్లందరికీ ఆ మాట అందింది మా నోళ్ల నుంచే. ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాసిన పాపాన పోలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

పొగ బండి, గోవింద

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. మా ఓనరు మొదలియారు తన బస్సులకు వెనక బొగ్గు పొయ్యిలు బిగించాడు. పీపా అంత పొయ్యి, దానిలో బొగ్గు, ఆ పొగతో ఇంజను నడవాలి. చిత్తూరులో బయలుదేరేసరికి తెల్లచొక్కా వేసుకున్నవాడు చంద్రగిరికి నల్లచొక్కాతో దిగేవాడు. మిట్ట వస్తే మనుషులు దిగి నడవాలి. మధ్యలో ఆపి బూడిద దులిపి మళ్లీ బొగ్గు వేయాలి. ఇంజను చేసే చప్పుడులో పక్కవాడి మాట వినపడదు.

మా బండిలో ఎక్కేవాళ్లలో సగానికి పైగా కొండకు పోయేవాళ్లు. బండి కదిలినప్పుడల్లా వాళ్లు గోవింద కొట్టేవాళ్లు. మొదట్లో నేను రైట్ అనేవాడిని, బండి కదిలేది, తర్వాత గోవింద. కొన్నాళ్లకు నేను రైట్ అనడం, గోవింద కొట్టడం ఒకేసారి అయ్యాయి. ఇంకా కొన్నాళ్లకు గోవింద ముందు వచ్చింది, బండి కదిలింది, నేను నోరు తెరిచి మూసుకున్నాను.

ఆ రోజే దేవదానాన్ని అడిగాను. ఆయన బీడీ ముట్టించుకుని, బండి పొయ్యిందా లేదా అన్నాడు. పోయింది. "మరి నీకేం నొప్పి?"

నొప్పి ఉందని ఓనరు దగ్గరికి పోయాను. ఆయన పెద్ద భక్తుడు. శనివారం అన్నం తినడు. నేను చెప్పిందంతా విని, అక్కడున్న నలుగురి ముందు, "ఏమప్పా మునిరత్నం, నీ రైటు ఆ ఏడుకొండలవాని పేరు కంటే పెద్దదా?" అన్నాడు. అప్పటి నుంచి షెడ్డులో నాకు పెద్దాయన అనే పేరు పడింది. నేను కనపడితే చాలు, "పెద్దాయన వచ్చినాడు, లేసి నిలబడండి," అనేవాళ్లు. ఎవరెవరు అన్నారో పేర్లతో సహా గుర్తుంది. నేను మాత్రం వారం వారం పోయి చెబుతూనే వచ్చాను.

కుర్రవాళ్లు గమనించాలి. ఫిర్యాదు చేయడం తప్పు కాదు. చేసినవాడిని నవ్వులపాలు చేయడం ఓనర్లకు తెలిసిన మొదటి వైద్యం. దానికి జడిసి ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది, పని ఉండదు.

చింతతోపు దగ్గర

ముసురు పట్టిన రోజు. ఐరాలకు పోయే దారి కలిసే చోట చెంగమ్మ అనే పడుచు పసిబిడ్డతో ఎక్కింది. ఆమె మొగుడు అలిపిరిలో డోలీ మోసేవాడు. పుట్టిన బిడ్డను తండ్రి ఇంకా చూడలేదట. తిరుపతిలో బస్సు దగ్గరికి అతను వచ్చి ఉంటాడని, ముగ్గురూ కొండెక్కి పుట్టువెంట్రుకలు తీయించాలని, టికెట్టు తీసుకుంటూ అడగకుండానే చెప్పింది. పక్కన ఆర్కాటు వైపు నుంచి వచ్చిన అరవ ముసలామె కూర్చుని ఉంది. ఆమె వెంట పది పన్నెండు మంది ఉన్నారు, అందరూ కొండకే.

చంద్రగిరికి ఇవతల ఒక చింతతోపు దగ్గర బొగ్గు వేయడానికి ఆపాము. చెంగమ్మ నిద్రపోతున్న బిడ్డను ముసలామె పక్కన పడుకోబెట్టి, చెట్ల వెనక్కి పోయి వస్తానని నాతో చెప్పింది. నేను దిగి చక్రాలు చూస్తున్నాను. పొయ్యి దగ్గరి మనిషి పని ముగించి ఎక్కాడు. ఇంజను ఆడుతూనే ఉంది.

అప్పుడు మబ్బు విడిపోయింది. పొద్దుటి నుంచీ కనపడని కొండ ఒక్కసారిగా, కడిగి పెట్టినట్టు, ఎదురుగా నిలబడింది. బస్సులో ఉన్నవాళ్లంతా చేతులెత్తి గోవింద కొట్టారు. నేనూ దండం పెట్టుకున్నాను. నా చేతులు దిగేసరికి బండి కదిలిపోయింది.

అరిచాను. పరుగెత్తాను. తలుపు రేకు మీద నా వేళ్లు తగిలాయి కూడా. ఆ చప్పుడులో, ఆ గోవిందలో, ఒక్కడి గొంతు ఎవరికి వినపడుతుంది? వెనక సీటులో వాళ్లు నన్ను చూశారు. నేను కూడా కొండను చూసి భక్తితో పరుగెత్తుతున్నానని అనుకున్నారట.

చెంగమ్మ చెట్ల వెనక నుంచి వచ్చి, దారి వైపు చూసి, నా వైపు చూసింది. ఏడవలేదు.

"నువ్వు ఈడ ఉండావు. బస్సు ఎట్ల పొయ్యిందప్పా?"

నలభై ఏళ్లుగా చాలామంది నన్ను చాలా అన్నారు. ఇంతకంటే గుచ్చుకున్న మాట లేదు. దేవుడి పేరు చెప్పారమ్మా, పోయింది అన్నాను.

"దేవుని పేరు సెప్తే నిలబడాల గాని, పోతాదా?"

ఆమె భయం ఏమిటో చెప్పకుండానే నాకు తెలిసింది. బస్సు తిరుపతిలో ఆగుతుంది. ఎక్కినవాళ్లు దిగి, ఎవరి మూట వాళ్లు తీసుకుని అలిపిరి దారి పడతారు. ఆ జనంలో పసిబిడ్డ ఎవరి చేతిలో ఉంటాడో, ఎటు పోతాడో ఎవరికి తెలుసు? ముసలామె పేరు మాకు తెలియదు, ఊరు తెలియదు. బస్సు ఖాళీ అయ్యేలోపు అందుకోవాలి. యుద్ధకాలం కాబట్టి ఆ దారిలో ఇంకో మోటారు వచ్చే ఆశ లేదు.

పరుగెత్తాము, నడిచాము, మళ్లీ పరుగెత్తాము. కొంత దూరం పోయాక బెల్లం మోసుకుపోతున్న ఎద్దులబండి దొరికింది. బండివాడు నా ఖాకీ చొక్కా, భుజాన బ్యాగు చూసి పళ్లన్నీ బయటపెట్టాడు. "కండక్టరయ్య మన బండి ఎక్కినాడే! ఇస్తావా నాకొక టికెట్టు?" అన్నాడు. ఆ ముఖం ఇప్పుడు కనపడినా గుర్తుపడతాను. కానీ ఆమె వైపు చూశాక అతను నోరు కట్టేసుకుని ఎద్దుల తోకలు మెలేశాడు. బిడ్డకు పాలవేళ దాటిపోయింది. ఆమె రవికె తడిసిపోయి, కొంగు కప్పుకుని, దారి మలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఓదార్చే మాటలు నాకు రావు, వచ్చినా ఆ రోజు పనికిరావు.

చంద్రగిరి ఇంకా దూరం ఉండగానే ఎదురుగా పొగ కనపడింది. మా బస్సే, వెనక్కి వస్తూ ఉంది.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. చంద్రగిరిలో దిగవలసినవాడు ఎంత అరిచినా బండి ఆపమనే కండక్టరు లేడు. ఎవరో ముందుకు పోయి డ్రైవరు భుజం తట్టారు. బండి ఆగింది. నేను లేనని తెలిసి కూడా, తిరుపతికి పోయి చూసుకుందామని చాలామంది అన్నారట. ఎక్కవలసిన కొండ ఎదురుగా కనపడుతుంటే వెనక్కి ఎవరు పోతారు? అప్పుడు అరవ ముసలామె బిడ్డను ఎత్తుకుని దిగి బస్సు ముందు నిలబడింది. "తాయి లేని పిళ్లని తీస్కోని ఎవుర్ని సూసేకి పోతారు మీరు? వండి తిప్పు," అని సగం అరవంలో అన్నదట, తల్లి కోసం బండి తిప్పమని. ఆమె వెంట వచ్చినవాళ్లు కూడా దిగిపోయారు. దేవదానం తిప్పాడు.

బిడ్డ ఏడవడం లేదు. ముసలామె కొంగు చివర నోట్లో కుక్కుకుని చప్పరిస్తున్నాడు. చెంగమ్మ వాడిని లాక్కున్నంత పని చేసి, దారి పక్కన మైలురాయి దగ్గర అటు తిరిగి కూర్చుంది. బస్సంతా ఆగింది. ఒక్కరూ గోవింద అనలేదు. ఆమె తనంతట తాను లేచి, ఎక్కి, కూర్చునే దాకా నేను రైట్ అనలేదు. అన్నాక బండి కదిలింది. దేవదానం నా ముఖం చూడలేదు.

తిరుపతిలో ఆమె మొగుడు ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆలస్యం ఎందుకయిందో విన్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. బిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకుని, వాడిని చూసుకుంటూనే, దేవదానంతో మెల్లగా అన్నాడు. "మేము డోలీ కూడా రైట్ అనకుండా ఎత్తం గదన్నా."

అరుగు మీద బ్యాగు

మర్నాడు పొద్దున్నే ఓనరు ఇంటికి పోయాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కానీ బాధ వేరు, ఆర్డరు వేరు. "గోవింద కొట్టొద్దని నేను ఎట్ల సెప్పేదబ్బా? నాలుక పడిపోతాది," అన్నాడు. జనానికి చెప్పనక్కర లేదు, డ్రైవరుకు చెప్పండి, రైట్ అంటే తప్ప కదలొద్దని చెప్పండి అన్నాను. అది మీరిద్దరూ చూసుకోండి అన్నాడు. ఓనర్లకు తెలిసిన రెండో వైద్యం అది.

బ్యాగు ఆయన అరుగు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

బియ్యానికి వరసలో నిలబడే రోజులు. ఇంట్లో పనిచేసేవాడిని నేనొక్కడినే. మా నాయన నా భుజం వైపు చూసి బ్యాగు యాడ అని అడిగాడు. చెప్పాను. "ఒక మాట కోసరం కూడు ఇడుస్తావా?" అన్నాడు. అది మాట కాదు నాయనా, పూచీ అన్నాను. మా ఇంటామె ఆ రోజుల్లో కుండ దించేటప్పుడు రైటా అని అడగడం మానేసింది. అదీ గుర్తుంది.

నా చోట ఇంకొకడిని ఎక్కిస్తారని ఎదురుచూశాను. ఎక్కించారు కూడా. అయినా పోలేదు. చివరికి ఒక సాయంత్రం దేవదానం వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గర నిలబడి, మాటలు వెతుక్కుని మాట్లాడాడు.

"నీ రైటు నాకు వినపడలేదని అబద్ధం సెప్పను. కొన్నిసార్లు వినపడదు, కొన్నిసార్లు వినపడతాది. నేను కిరస్తానపోణ్ణి మునిరత్నం. అంతమంది గోవిందా అంటే నేను బండి కదిలించకుండా కూసుంటే ఏమంటారు? సూడు, వీనికి మన దేవుడంటే గిట్టదు అంటారు. ఒకసారి అన్నారు కూడా. నువ్వు ఆ పొద్దు లేవు. అప్పట్నించి గోవిందా అంటే నా కాలు దానంతట అదే పోతా ఉండాది."

ఇన్నాళ్లూ నాకు చెప్పవచ్చు కదా అన్నాను.

"నీకు సెప్తే నువ్వు ఓనరుకు సెప్తావు. నీ నోట్లో ఏం నిలబడతాది?"

అది నిజమే. దాన్ని కూడా నేను మరిచిపోలేదు. కానీ ఆ మాట అన్నందుకు కోపం రాలేదు. ఎవరి మీద పగ పట్టాలో సరిగా తెలిసిన మనిషిని నేను. ఇంతకాలం ఆయన మీద పట్టింది తప్పు పగ అని అప్పుడు అర్థమైంది. ఆయన నా మాట దొంగిలించలేదు. ఆ మాట కోసం ఆగే ధైర్యం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

"రైట్ అనడంతో పాటు రేకు మీద రెండు దెబ్బలు కొడతాను. అది నీకు వినపడతాది. నేను కొట్టేదాకా నువ్వు కదలొద్దు. ఎవరన్నా అడిగితే కండక్టరు మీదికి తోసెయ్యి."

"తిట్లన్నీ నీకే తగలుతాయి."

"నాకు కొత్తా?"

అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాడు. మా ఇంటామె గ్లాసులతో వచ్చి, "రైటా?" అని అడిగింది.

రెండు దెబ్బలు

మర్నాడు పోయి ఓనరు అరుగు మీది బ్యాగు మళ్లీ భుజాన వేసుకున్నాను, ఆయన కాదనలేదు. అప్పటి నుంచి చిత్తూరులో బండి కదిలే ముందు నేనే చెప్పేవాడిని, గోవింద ఎంత గట్టిగానైనా కొట్టండి, బండి మాత్రం నా చేతిలో ఉంది అని. కొందరు నవ్వారు, కొందరు శాపనార్థాలు పెట్టారు. ఒక పెద్దాయన నా గర్వం గరుడునికి కూడా లేదన్నాడు. రేకు మీద కొట్టీ కొట్టీ నా అరచేయి కాయకాచింది. తర్వాత పెట్రోలు బండ్లు వచ్చాయి, సర్కారు బస్సులు వచ్చాయి, గంటలు వచ్చాయి, ఇప్పుడు మీకు విజిళ్లు ఇచ్చారు. ఏది ఇచ్చినా సరే, ఊదే ముందు దిగి చూడండి. చూడకుండా ఊదినవాడు గాలి ఊదినట్టే. మీకంటే ముందు ఎవరు కదలమన్నా, అది ఎంత మంచి మాటైనా, డ్రైవరు కదలకుండా ఉండాలంటే ఆయనకు మీరు అండగా ఉండాలి. నేను అంతకు ముందు చేసిన ఫిర్యాదులన్నిటిలో లేనిది అదొక్కటే.

కొండకు జనం పోటెత్తే అరవవాళ్ల పురటాసి నెలలో ఒక శనివారం ఓనరు తన ఇంటివాళ్లందరితో మా బండిలోనే కొండకు బయలుదేరాడు. పట్టు పంచె, నామం, ముందు సీటు. అందరూ ఎక్కారు. ఆయన లేచి నిలబడి, వెనక్కి తిరిగి, ఎంత గొంతు ఉంటే అంత గొంతుతో గోవింద కొట్టాడు. బస్సంతా అందుకుంది. ఆయన కూర్చున్నాడు. బండి కదలలేదు.

మళ్లీ కొట్టాడు. బస్సు మళ్లీ అందుకుంది. ఇంజను ఆడుతూ ఉంది, దేవదానం నేరుగా దారి వైపు చూస్తూ ఉన్నాడు.

"ఏమప్పా దేవదానం, ఏమైంది బండికి?"

"బండికేం కాలేదయ్యా. కండక్టరు ఇంకా రైట్ అనలేదు."

ఓనరు నా వైపు తిరిగాడు. బస్సంతా తిరిగింది. షెడ్డులో నాకు పేరు పెట్టినవాళ్లు కూడా బయట నిలబడి చూస్తున్నారు. ఎక్కవలసినవాళ్లు ఎక్కారు. తలుపు పడింది. చక్రాల దగ్గర ఎవరూ లేరు, నేను అప్పటికే చూశాను. అయినా దిగి, ఒకసారి బండి చుట్టూ తీరిగ్గా తిరిగి వచ్చాను. ఎక్కాక చొక్కా గుండీ సరిచేసుకున్నాను.

తర్వాత రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, రైట్ అన్నాను.